ఒకే ఇంటి పొగ... ఇద్దరు పిల్లలకు రెండు లెక్కలా?

"మా వారు పిల్లల ముందు అస్సలు కాల్చరండీ! వరండాలోకి వెళ్లి కాల్చుకొస్తారు."

"మా మామయ్యకి బీడీ లేనిదే పొద్దు గడవదు. అయినా కిటికీ పక్కనే కదా కూర్చునేది, పొగంతా బయటికే పోతుంది."

"మా వాడికేం కాదులెండి. పుట్టినప్పట్నించీ ఆ పొగలోనే పెరిగాడు, అలవాటైపోయింది!"

వరంగల్, హనుమకొండ, కాజీపేట... ఏ వాడకట్టులోనైనా నలుగురు ఆడవాళ్లు ఒకచోట చేరితే వినిపించే మాటలే ఇవి. సిగరెట్ కావచ్చు, బీడీ కావచ్చు, తాతగారి చుట్ట కావచ్చు. కాల్చేది ఒకరు, పీల్చేది ఇంటిల్లిపాదీ. మరి ఆ పొగ నిజంగా మన పిల్లల ఒంట్లోకి వెళ్లిందా? వెళితే ఎంత వెళ్లింది? అది తెలుసుకునే దారి ఉందా?

ఉంది. పిల్లవాడి ఉమ్మినీటిలోనో, మూత్రంలోనో, రక్తంలోనో, ఆఖరికి తలవెంట్రుకలో కూడా పొగ తన ఆనవాలు వదిలిపెడుతుంది. దాన్ని కొలవొచ్చు. కానీ ఇందులో ఓ చిత్రమైన సంగతి ఉంది. ఒకే ఇంట్లో, ఒకే పొగ పీల్చిన ఇద్దరు పిల్లలకు ఆ కొలత ఒకేలా రాకపోవచ్చు! ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చూపించవచ్చు. అందుకు కారణం వాళ్లు అమ్మానాన్నల నుంచి తెచ్చుకున్న జన్యువులు. ఈ సంగతి తెలియకపోతే ఆ అంకెని చూసి ఒక తల్లి అనవసరంగా కంగారు పడుతుంది, ఇంకో తల్లి అనవసరంగా నిశ్చింతగా ఉండిపోతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఎవరో కాల్చిన పొగ

కాల్చేవారు పీల్చి వదిలిన పొగ ఒకటి, బీడీ కొస నుంచి ఊరికే కాలుతూ వచ్చే పొగ ఇంకొకటి. ఈ రెండూ కలిసి గదిలో తిరిగేదాన్నే పరోక్ష ధూమపానం అంటున్నాం. అంటే మనం కాల్చకుండానే కాల్చినట్టన్నమాట.

దీనివల్ల హాని ఉందని ప్రపంచం నమ్మడానికి చాలాకాలమే పట్టింది. 1981లో జపాన్‌కి చెందిన తకేషి హిరయామా అనే శాస్త్రవేత్త పొగ అలవాటు లేని 91 వేల మందికి పైగా ఇల్లాళ్ల వివరాలు పరిశీలించి, భర్తలు ఎక్కువగా సిగరెట్లు కాల్చే ఇళ్లలోని స్త్రీలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని చూపించారు. 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక ఇంకాస్త తేల్చి చెప్పింది. 'ఇంతవరకూ పీల్చినా ఫరవాలేదు' అనే సురక్షితమైన హద్దు ఏదీ లేదని! పిల్లల్లో దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ముదరడం, చెవిలో చీము, న్యుమోనియా, ఉయ్యాలలో పసిబిడ్డ హఠాత్తుగా చనిపోవడం వంటివాటికి ఈ పొగతో సంబంధం ఉందని ఆ నివేదిక వివరించింది.

2004 నాటి లెక్కలతో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలోని పిల్లల్లో నూటికి 40 మంది ఇతరుల పొగ పీలుస్తున్నారు. ఆ ఒక్క ఏడాదిలో ఆ పొగవల్ల చనిపోయిన ఆరు లక్షల మందిలో లక్షా 65 వేల మంది పిల్లలే. మనదేశం సంగతి చూస్తే, 2016-17లో జరిపిన పొగాకు సర్వేలో పెద్దవాళ్లలో నూటికి దాదాపు 39 మంది 'మా ఇంట్లో పొగ పీలుస్తున్నాం' అన్నారు. 2009-10లో ఇది 52. తగ్గిన మాట నిజమే కానీ, పదిళ్లలో నాలుగిళ్లంటే చిన్న సంగతి కాదు కదూ!

పొగ వదిలే ఆనవాలు

పొగాకులో ఉండే నికోటిన్ ఒంట్లోకి వెళ్లగానే కాలేయం దాన్ని విడగొట్టే పని మొదలుపెడుతుంది. పెద్దవాళ్లలో సుమారు రెండు గంటలకొకసారి రక్తంలోని నికోటిన్ సగానికి సగం తగ్గిపోతూ ఉంటుంది. అంటే పొద్దున పీల్చిన పొగకి సాయంత్రానికి సాక్ష్యం దొరకదు. అయితే ఆ నికోటిన్‌లో నూటికి 70 నుంచి 80 పాళ్లు కొటినిన్ అనే పదార్థంగా మారుతుంది. ఇది అంత తొందరగా పోదు. సగానికి తగ్గడానికే 16 నుంచి 20 గంటలు పడుతుంది. అందుకే డాక్టర్లు, పరిశోధకులు గత రెండు మూడు రోజుల్లో పిల్లవాడి ఒంట్లోకి ఎంత పొగ వెళ్లిందో తెలుసుకోవడానికి కొటినిన్‌ని కొలుస్తారు. ఇలాంటి ఆనవాళ్లనే బయోమార్కర్లు అంటారు.

దీని పనితనం ఎంతటిదో చూడండి. 1988 నుంచి 1991 వరకు అమెరికాలో నాలుగేళ్లు దాటిన వాళ్ల రక్తాన్ని పరీక్షిస్తే, పొగాకు ముట్టని వాళ్లలో కూడా నూటికి దాదాపు 88 మంది రక్తంలో కొటినిన్ కనిపించింది! వాళ్లలో చాలామంది 'మా ఇంట్లో ఎవరూ కాల్చరు, మా ఆఫీసులోనూ కాల్చరు' అన్నవాళ్లే. మనిషి మరిచిపోయినా ఒళ్లు మరిచిపోదన్నమాట.

ఇక వెంట్రుక మాట. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పెరిగే కొద్దీ రక్తంలోని నికోటిన్‌ని కొంచెం కొంచెంగా తనలో దాచుకుంటుంది. మూడు సెంటీమీటర్ల వెంట్రుక దొరికితే మూడు నెలల చరిత్ర దొరికినట్టే. కెనడాలోని టొరాంటో పరిశోధకులు 1994లో పుట్టిన బిడ్డల వెంట్రుకలు పరీక్షించారు. తల్లి తాను కాల్చకపోయినా, పక్కవాళ్ల పొగ పీల్చినా సరే, దాని గుర్తు బిడ్డ వెంట్రుకలో కనిపించింది. వేములవాడ రాజన్నకి మనం భక్తిగా ఇచ్చే ఆ పుట్టువెంట్రుకలు ఉన్నాయే, అవి మొలిచింది తల్లి కడుపులోనే! బిడ్డ ఇంకా ఈ లోకం చూడకముందే మన ఇంటి గాలి ఎలాంటిదో ఆ వెంట్రుక రాసి పెట్టుకుంటోంది.

ఇద్దరు తోడికోడళ్లు, రెండు అంకెలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక ఉమ్మడి కుటుంబం అనుకోండి. ఇద్దరు తోడికోడళ్లు, మన మాటలో యారాళ్లు. ఇద్దరికీ ఐదేళ్ల పిల్లలు. ముందుగదిలో తాతగారి బీడీ. ఇద్దరు పిల్లలూ అదే గదిలో ఆడతారు, అదే గదిలో పడుకుంటారు. ఏదో పరీక్షలో ఇద్దరి కొటినిన్ కొలిచారనుకోండి. పెద్ద కోడలి కొడుక్కి రెట్టింపు వచ్చింది.

"నీ కొడుకు పొద్దస్తమానం తాత ఒళ్లోనే ఉంటడు అక్కా, గందుకే వచ్చింది" అంటుంది చిన్నామె.

"నీ బిడ్డ మాత్రం ఉండదా చెల్లె? నేనొక్కదాన్నే పిల్లగాణ్ని పట్టించుకోనట్టు మాట్లాడుతున్నవ్" అంటుంది పెద్దామె.

ఇద్దరికీ కోపం వచ్చింది. తప్పు ఇద్దరిలోనూ లేదు. అంకె చెప్పేది 'ఎంత పొగ వచ్చింది' అని ఒక్కటే కాదు, 'వచ్చింది ఎంత తొందరగా పోతోంది' అని కూడా. ఈ రెండోది జన్యువుల చేతిలో ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే మనకు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టించిన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్ని గుర్తు తెచ్చుకుంటే చాలు. పై చెరువులో నీళ్లు తూము గుండా కింది చెరువుకి వస్తాయి. కింది చెరువు నుంచి ఇంకో తూము గుండా పొలాలకి పోతాయి. తూము ఎత్తేది, దించేది నీరటి.

వాన అంటే పొగ. పై చెరువు నికోటిన్. కింది చెరువు కొటినిన్. రెండు తూములకీ కాపలా ఉన్న నీరటి మన కాలేయంలోని ఒక ఎంజైమ్. దాని పేరు సి.వై.పి. 2ఎ6. నికోటిన్‌ని కొటినిన్‌గా మార్చేదీ ప్రధానంగా అదే, కొటినిన్‌ని మరో పదార్థంగా మార్చి బయటికి పంపడం మొదలుపెట్టేదీ అదే.

ఒక పిల్లవాడిలో నీరటి చురుకైనవాడు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందికి పోతాయి. చెరువులో మట్టం తక్కువగా కనిపిస్తుంది. ఇంకో పిల్లవాడిలో నీరటి నిదానస్తుడు. పై చెరువు నుంచి కాస్త ఆలస్యంగానైనా నీళ్లు కిందికి వస్తాయి, కానీ కింది చెరువు నుంచి బయటికి పోయే తూము సగమే తెరిచి ఉంటుంది. రోజూ వాన పడుతూనే ఉంటే కింది చెరువు నిండుతుంది. వాన ఇద్దరికీ ఒక్కటే, మట్టాలే వేరు. తోడికోడళ్ల పిల్లల్లో జరిగింది ఇదే కావచ్చు.

ఇంకో వింత. అసలు నీరటే లేకపోతే? జపాన్ వంటి తూర్పు ఆసియా దేశాల్లో కొందరికి ఈ ఎంజైమ్ తయారుచేసే జన్యువు రెండు ప్రతులూ ఉండవు. అప్పుడు పై చెరువు నీళ్లు తూము గుండా కాక మత్తడి దూకి వేరే దారిన పోతాయి. కింది చెరువు దాదాపు ఎండిపోయి ఉంటుంది. అలాంటి వాళ్లు ఎంత పొగ పీల్చినా కొటినిన్ చాలా తక్కువగా వస్తుంది. అంకె చూసి 'హమ్మయ్య, మా ఇంట్లో పొగ లేదు' అనుకుంటే ఎంత మోసం!

ఈ జన్యువులో చిన్నాపెద్దా తేడాలు ప్రపంచమంతటా ఉన్నాయి. మన భారతీయుల్లోనూ ఉన్నాయి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో నీల్ బెనోవిట్జ్, కెనడాలోని టొరాంటోలో రేచెల్ టిండేల్ వంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వీటిమీద పనిచేశారు. వాళ్లు ఒక ఉపాయం కూడా చూపించారు. కొటినిన్ ఒక్కటే కాకుండా, అది మారి ఏర్పడే తర్వాతి పదార్థాన్ని కూడా కొలిచి రెండింటి నిష్పత్తి చూస్తే నీరటి చురుకైనవాడో, నిదానస్తుడో తెలిసిపోతుంది. అప్పుడు అంకెని సరిగ్గా చదవొచ్చు.

ఈ ఎంజైమ్ ఒక్కటే కాదు. యు.జి.టి. 2బి10 అనే ఇంకో ఎంజైమ్ కూడా నికోటిన్, కొటినిన్‌లను బయటికి పంపడంలో చెయ్యి వేస్తుంది. ఇది మందకొడిగా ఉండే జన్యువు ఆఫ్రికా మూలాలున్న వారిలో ఎక్కువ. అమెరికాలోని సిన్సినాటిలో ఆస్తమా ఉన్న పిల్లల మీద జరిపిన ఒక పరిశీలన 2005లో వెలువడింది. నల్లజాతి పిల్లల ఇళ్లలో కాల్చే సిగరెట్లు తక్కువేనని తల్లిదండ్రులు చెప్పినా, ఆ పిల్లల్లో కొటినిన్ ఎక్కువగా ఉంది. 'తల్లిదండ్రులు అబద్ధం చెబుతున్నారు' అని తేల్చేయడం ఎంత తేలికో చూడండి! ఇరుకు గదులు కొంత, ఒంటితీరు కొంత... కారణాలు ఎన్నో ఉండొచ్చు. వెంట్రుకల్లో కూడా అంతే. నల్లని వెంట్రుకలోని మెలనిన్ నికోటిన్‌ని గట్టిగా పట్టి ఉంచుతుంది. బంగారు రంగు జుట్టున్న పాపాయికీ, నల్లని జుట్టున్న మన పాపాయికీ ఒకే కొలబద్ద పనికిరాదు.

అమ్మలూ, ఈ సంగతి మీకోసం

ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్ హార్మోను వల్ల సి.వై.పి. 2ఎ6 కొంచెం చురుగ్గా ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు మరీ చురుకు. కొటినిన్ సగానికి తగ్గే సమయం గర్భిణిలో 9 గంటలకు పడిపోతుందని, కాన్పయ్యాక మళ్లీ 17 గంటలకు పెరుగుతుందని పరిశోధకులు కొలిచి చూశారు. అంటే కడుపుతో ఉన్న అమ్మాయికి పరీక్షలో కొటినిన్ తక్కువ వచ్చిందంటే పొగ తక్కువ పీల్చిందని కాదు.

అప్పుడే పుట్టిన బిడ్డది దీనికి సరిగ్గా ఎదురు. పసికందు కాలేయం ఇంకా పని నేర్చుకుంటూ ఉంటుంది. పెద్దవాళ్లలో రెండు గంటల్లో సగమయ్యే నికోటిన్, పసిబిడ్డ ఒంట్లో సగం కావడానికి దాదాపు 11 గంటలు పడుతుంది. పురిటి గదిలోకి పొగ వాసనతో వచ్చే చుట్టాన్ని 'కొంచెం ఆగి, చేతులు కడుక్కుని రండి' అనడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

మన తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు

'ఒకే మందు ఒకరికి పడుతుంది, ఒకరికి పడదు... ఇదంతా విదేశాల గొడవ' అనుకోకండి. మత్తు డాక్టర్లను అడిగి చూడండి. ఆపరేషన్ ముందు కండరాలు వదులు కావడానికి ఇచ్చే స్కోలిన్ అనే మందు ప్రభావం మామూలుగా కొన్ని నిమిషాల్లో పోతుంది. కానీ ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి గంటల తరబడి ఉండిపోయి, అంతసేపూ యంత్రంతో ఊపిరి అందించాల్సి వస్తుంది. ఆ మందుని విడగొట్టే ఎంజైమ్ వాళ్లలో సరిగా పనిచేయదు. దానికి కారణమైన జన్యుమార్పు ఏమిటో 2006లో శాస్త్రవేత్తలు గుర్తించారు. 2009లో హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, అమెరికా పరిశోధకులు కలిసి వెలువరించిన పరిశోధనలో, వైశ్య సమాజం వేల ఏళ్లుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ రావడం వల్ల కొన్ని జన్యు లక్షణాలు వాళ్లలో గట్టిగా నిలిచిపోయాయని తేలింది.

ఇందులో ఎక్కువ తక్కువల మాట లేదు. అన్ని కులాల్లోనూ, మతాల్లోనూ, కుటుంబాల్లోనూ ఏదో ఒక తేడా ఉంటుంది. వచ్చిన పదార్థాన్ని విడగొట్టి పంపే పనిలో ఒంటికీ ఒంటికీ తేడా ఉంటుందన్నదే ఇందులోంచి మనం తెలుసుకోవాల్సింది. మత్తుమందుకి ఉన్న సూత్రమే పొగాకుకీ ఉంది.

బీడీలు చేసే ఇళ్లలో...

ఏటూరునాగారం, ములుగు అడవుల్లో ఎండాకాలం రాగానే తునికాకు సేకరణ మొదలవుతుంది. ఉత్తర తెలంగాణ జిల్లాల్లో వేలాది మంది ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు నింపి బీడీలు చేస్తారు. పక్కనే పసిపిల్ల పాకుతూ ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరూ బీడీ వెలిగించకపోయినా, తంబాకు దుమ్ము చేతుల మీదుగా, గాలి మీదుగా ఒంట్లోకి వెళుతుంది. 1990ల తొలినాళ్లలోనే బొంబాయి క్యాన్సర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బీడీలు చుట్టేవాళ్ల మూత్రంలో కొటినిన్ ఉన్నట్టు చూపించారు.

అలాగే తల్లి జర్దా కిళ్లీ వేసుకున్నా, పొగాకు నమిలినా, నికోటిన్ తల్లిపాలలోకి వెళుతుంది. ఇంకా చెప్పాలంటే తల్లి రక్తంలో కంటే పాలలోనే ఎక్కువగా చేరుతుంది. అందుకని పాలు మాన్పించకండి! మానాల్సింది పొగాకు, పాలు కాదు. తల్లిపాలకి సాటి మరేదీ లేదు.

ఈ రెండు సంగతులూ ఎందుకు చెబుతున్నామంటే, ఇలాంటి ఇంటి బిడ్డలో కొటినిన్ ఎక్కువ వస్తే తండ్రి మీదో, తాత మీదో మాత్రమే అనుమానం పెట్టుకోకూడదు. అలాగే, బీడీ పొగ సిగరెట్ పొగ కంటే తేలిక అనుకోవడమూ పొరపాటే. బీడీ నుంచి వచ్చే నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు సిగరెట్‌తో సమానంగానో, అంతకంటే ఎక్కువగానో ఉంటాయి.

అంకె తక్కువైతే హాని తక్కువేనా?

కాదు! ఇదే అన్నిటికంటే ముఖ్యమైన మాట. కొటినిన్ అనేది నికోటిన్ వదిలిన ఆనవాలు. పిల్లవాడి ఊపిరితిత్తుల్ని పాడుచేసేది నికోటిన్ ఒక్కటే కాదు, దానితోపాటు పొగలో వచ్చే వేలాది రసాయనాలు. నికోటిన్‌ని తొందరగా పంపించేసే ఒళ్లు మిగతా వాటిని కూడా తొందరగా పంపిస్తుందని భరోసా లేదు. వాటికి వేరే ఎంజైమ్‌లున్నాయి, వేరే జన్యువులున్నాయి.

జి.ఎస్.టి.ఎం.1 అనే జన్యువు సంగతే తీసుకోండి. పొగలోని కొన్ని విషాలకు విరుగుడు చేసే ఎంజైమ్‌ని ఇది తయారుచేస్తుంది. ప్రపంచంలో ఎంతోమందికి, మనదేశంలోనూ చాలామందికి, ఈ జన్యువు అసలు ఉండదు. లేకపోయినా మామూలుగానే బతుకుతారు. కానీ పొగ తోడైతే కథ మారుతుంది. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో బడిపిల్లల మీద జరిపి 2002లో ప్రచురించిన పరిశోధనలో, కడుపులో ఉండగానే తల్లి సిగరెట్ల పొగకి గురైన పిల్లల్లో, ఈ జన్యువు లేనివాళ్లకే ఆస్తమా, పిల్లికూతల బెడద ఎక్కువని తేలింది. 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు 17వ క్రోమోజోమ్ మీదున్న కొన్ని తేడాల్ని పరిశీలించారు. అవి ఉన్న పిల్లలకి నాలుగేళ్లలోపు ఆస్తమా వచ్చే అవకాశం ఎక్కువ. పసితనంలో ఇంట్లో పొగ ఉంటే అది మరింత పెరుగుతుందని వాళ్లు చూపించారు.

ఇప్పుడు మన తోడికోడళ్ల దగ్గరికి మళ్లీ వద్దాం. కొటినిన్ తక్కువ వచ్చిన చిన్నామె కూతురికి ఒకవేళ ఈ రక్షణ జన్యువు లేదనుకోండి. అంకె తక్కువ, హాని ఎక్కువ! కొటినిన్ ఎక్కువ వచ్చిన పెద్దామె కొడుక్కి రక్షణ బాగానే ఉందనుకోండి. అంకె ఎక్కువ, హాని కొంచెం తక్కువ. ఎవరి బిడ్డ గట్టిదో ఆ కాగితం చూసి చెప్పలేం. 'పొగ అలవాటైపోయిన' పిల్లవాడంటూ ఎవడూ ఉండడు.

ఇంకో సంగతి కూడా ఉంది. చురుకైన నీరటి ఉన్న మగవాళ్లకి నికోటిన్ తొందరగా ఒంట్లోంచి పోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వెలిగించాలనిపిస్తుంది, మానడమూ కష్టమే. ఆ చురుకుదనమే పిల్లలకీ రావొచ్చు. అప్పుడు ఎక్కువ కాల్చే తండ్రి, ఎక్కువ పొగ పీల్చే బిడ్డ... అయినా పరీక్షలో అంకె ఓ మోస్తరుగానే ఉంటుంది!

మీ సందేహాలు

*వంకాయ తింటే నికోటిన్ వస్తుందట కదా. మా పిల్లలకి గుత్తివంకాయ పెట్టొచ్చా?*

నిక్షేపంగా పెట్టండి. వంకాయ, టమాటా, ఆలుగడ్డలు పొగాకు కుటుంబానికి చెందినవే. వాటిలో అతి కొద్దిగా నికోటిన్ ఉన్న మాట నిజమేనని 1993లో ఒక అమెరికన్ వైద్య పత్రిక ప్రచురించింది కూడా. అయితే ఒక సిగరెట్ నుంచి కాల్చేవారి ఒంట్లోకి చేరేంత నికోటిన్ రావాలంటే దాదాపు పది కిలోల వంకాయలు తినాలి! కూరతో భయం లేదు.

*పిల్లలకి కొటినిన్ పరీక్ష చేయించాలా?*

మామూలుగా అక్కర్లేదు. ఇది ఎక్కువగా పరిశోధనల్లో వాడే పరీక్ష. జన్యు పరీక్ష అంతకంటే అవసరం లేదు. ఎం.జి.ఎం. ఆస్పత్రికి తీసుకెళ్లినా, మీ వీధి చివరి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా, దగ్గు, ఆయాసం గురించి చెప్పేటప్పుడు 'ఇంట్లో ఫలానావారు కాలుస్తారు' అన్న సంగతి దాచకుండా చెప్పండి. డాక్టరుకి అదే సగం పరీక్ష.

*ఫ్యాను వేసి, కిటికీ తెరిచి, అగరుబత్తి వెలిగిస్తే చాలదా?*

చాలదు. ఫ్యాను పొగని ఇల్లంతా తిప్పుతుంది. అగరుబత్తి వాసనని కప్పుతుంది, దానిదీ పొగే. పొగ కనిపించకపోయినా గోడలకి, పరదాలకి, దుప్పట్లకి అంటుకున్నది అలాగే ఉంటుంది. నేలమీద పాకి, చెయ్యి నోట్లో పెట్టుకునే పసివాళ్లకే ఆ మిగులు ఎక్కువ అందుతుంది. పైగా పిల్లలు పెద్దవాళ్లకంటే వేగంగా ఊపిరి తీస్తారు.

ఇంట్లో మనం చేయగలిగినవి

* ఇంటి గడప లోపల ఎవరూ, ఎప్పుడూ వెలిగించకూడదన్న కట్టుబాటు పెట్టుకోండి. 'ఒక్క గదిలో మాత్రమే' అన్న సడలింపు పనిచేయదు. కారులో, ఆటోలో కూడా అంతే.
* బయట కాల్చి వచ్చినవారు చేతులు, మొహం కడుక్కుని, వీలైతే చొక్కా మార్చుకుని బిడ్డని ఎత్తుకోవాలి.
* బీడీలు చేసే ఇళ్లలో ఆ పనికి ఒక మూల కేటాయించండి. వంటకి, పిల్లలు పడుకునే చోటికి అది దూరంగా ఉండాలి. పని అవగానే చేతులు సబ్బుతో కడిగి, తడిబట్టతో నేల తుడవండి. తంబాకు పిల్లల చేతికి అందనివ్వకండి.
* 'పోరా, కిరాణంలో ఒక బీడీకట్ట తే' అని పిల్లల్ని పంపకండి. 18 ఏళ్లలోపు వాళ్లకి పొగాకు అమ్మకూడదని, బడికి వంద గజాల లోపు అసలే అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది.
* మానాలనుకునేవారికి కేంద్ర ఆరోగ్యశాఖ ఉచిత ఫోన్ సహాయం ఉంది: 1800-11-2356. 'మానేస్తాను' అని ఆయన నోటి నుంచి వచ్చిన రోజునే ఫోన్ చేయించండి, వారం ఆగితే మాట చల్లబడుతుంది.

బస్టాండులో, ఆఫీసులో, హోటల్లో పొగ తాగకూడదని 2008 అక్టోబరు 2 నుంచి నిబంధనలు గట్టిగా అమల్లోకి వచ్చాయి. కానీ ఆ చట్టం ఇంటి గడప దాటి లోపలికి రాదు. అక్కడ మాట చెప్పాల్సింది మనమే. మామగారికి కోడలు చెప్పడం కష్టమే, మాకూ తెలుసు. కేకలు వేస్తే పని జరగదు. "మామయ్యా, పిల్లగాడు మీ దగ్గర పడుకోకపోతే నిద్రపోడు. వాడికి రాత్రంతా దగ్గు. మీరు కాస్త వాకిట్లో తాగొస్తే వాణ్ని మీ దగ్గరే పడుకోబెడతా" అని చూడండి. మనవడి కోసం కాశీకైనా వెళ్లే తాతలున్న ఊళ్లు మనవి, వాకిలి దాకా వెళ్లలేరా? ఆయన మాట వినేది కొడుకైతే కొడుకు చేత, డాక్టరైతే డాక్టరు చేత చెప్పించండి.

ఒంట్లో ఏ జన్యువు ఉండాలో మనం నిర్ణయించలేం. అది పుట్టుకతో వచ్చింది, దాన్ని మార్చలేం. ఎవరి బిడ్డకి ఏ నీరటి ఉన్నాడో తెలుసుకునే అవసరం కూడా లేదు. వాన పడకపోతే ఏ చెరువూ నిండదు. ఇంట్లో పొగ ఆగితే చురుకైన నీరటి ఉన్న బిడ్డకీ, నిదానస్తుడున్న బిడ్డకీ, రక్షణ జన్యువు ఉన్నవాడికీ, లేనిదానికీ ఒకేసారి మేలు జరుగుతుంది. తోడికోడళ్లిద్దరూ కలిసి అడగాల్సింది కూడా అదే!